ఎడమచేతి పిడి

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన గొడవంతా కాఫీ గురించే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో ఒక మనిషి ప్రాణం మీదికి వస్తూ ఉంటే, మేం చుట్టూ కూర్చుని గింజలు మాడాయా లేదా అని వాదించుకున్నాం.

రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి అప్పటికి మాకు అయిదో ఏడు. నాన్నగారు అమరేశ్వరరావు సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఆఫీసు బీరువాలతో పాటు ఆయన్నీ, ఆయనతో పాటు మమ్మల్నీ తెచ్చి ఇక్కడ దింపారు. నాంపల్లి స్టేషను దగ్గర లక్ష్మీనర్సమ్మగారింట్లో వెనకవాటా అద్దెకు తీసుకున్నాం. అన్నయ్య గోపాలరావుకి స్టేషన్లోనే పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. నేను, విద్యావతిని, కోఠీలో కాలేజీకి వెళ్ళేదాన్ని.

మా అమ్మ వరలక్ష్మి చేతికాఫీకి పేరుంది. కాఫీపొడి బజార్లో కొనడమంటే అమ్మ దృష్టిలో వండిన అన్నం బజార్లో కొనుక్కోవడమే. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, వెనక వసారాలో బొగ్గుల కుంపటి రాజేసి, ఇనపమూకుడు పెట్టి, ఏరిన పచ్చిగింజలు అందులో పోసేది. ఇక అట్లకాడ ఆగకూడదు. ఆ కాసేపూ ఎవరు పలకరించినా పలికేది కాదు. గింజలు పసుపు తిరిగి, చిటపటలాడి, పొట్టు ఎగిరి, సరిగ్గా చింతగింజ రంగు తేలగానే మూకుడు దించి, చాటలో బోర్లించి, విసనకర్రతో గబగబా విసిరేది. దించాక కూడా గింజ తన వేడికి తనే వేగుతూ ఉంటుందని అమ్మ భయం.

ఆ వాసనకి ముందువాటాలోంచి లక్ష్మీనర్సమ్మగారు వచ్చి గడపలో నిలబడేది. "ఏంది వరలక్ష్మమ్మా, మీ ఆంధ్రోళ్లకు గీ గింజలు ఏంచుకోకుంటే ఐతారం పొద్దు పొడవదా?" అనేది. అంటూనే కొంగుచాటు నుంచి గ్లాసు తీసేది. చాయ్ తప్ప ఇంకోటి ముట్టనని ఊరంతా చెప్పుకునే మనిషి.

అన్నయ్యది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నాన్నగారు ఆ చేతికి గుడ్డ కట్టించి, తిండీ రాతా కుడిచేతికి మార్పించారు. మిగతా పనులన్నీ మాత్రం మొండిగా ఆ చేతికే మిగిలాయి. పొద్దున్నే కాఫీగ్లాసు ఎడమచేత్తో అందుకునేవాడు. "కుడిచేత్తో పట్టుకోరా" అనేవారు నాన్నగారు. చెయ్యి మార్చుకునేవాడు. తండ్రీకొడుకుల మధ్య రోజుకి అదొక్కటే సంభాషణ. కోపాలు ఉండి కాదు, ఇద్దరికీ మాట దొరికేది కాదు.

ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకి, ఒక పొద్దున అన్నయ్య ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మాడిందమ్మా."

"మాడడమేమిట్రా? నిన్న వేయించిన గింజలేగా?" అంది అమ్మ.

"ఏమో, నోట్లో పోసుకుంటే వికారంగా ఉంది. మాడింది కదూ, నాన్నగారూ?"

నాన్నగారు పేపరు దించి అన్నయ్య వైపు చూశారు. తన గ్లాసులోంచి ఇంకో గుక్క తాగారు. "ఔను, కొంచెం మాడినట్టే ఉంది" అన్నారు.

నా నాలికకైతే తేడా తెలియలేదు. ఇంట్లో మగవాళ్ళిద్దరూ ఎన్నడూ లేనిది ఒక్కమాట మీదున్నారు కదా, నాకే తెలియలేదేమో అనుకున్నాను. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ మాట ఎవరి నోటా వినలేదు.

ఆ పై ఆదివారం అమ్మ గింజల్ని ముందే దించేసింది. అన్నయ్య వాసన చూసి పచ్చివాసన అన్నాడు. ఈసారి అమ్మ ఆబిడ్స్ వెళ్ళి, అయ్యర్‌గారి కాఫీకొట్లో గుండ్రటి పీబెర్రీ గింజలు ఏరించుకుని తెచ్చింది. అన్నయ్య అదీ తాగలేదు. "మాడింది కదూ" అని అన్నయ్య అడగడం, "ఔను, కొంచెం" అని నాన్నగారు అనడం. అమ్మ కుంపటి ముందు కూర్చుని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకునేది.

"నా చేతికేదో అయిందిరా" అంది ఒకరోజు, కళ్ళనీళ్ళతో.

అన్నయ్యకి జాలేసింది. "నీ చేతికేం కాలేదమ్మా. తప్పంతా ఆ మూకుడిది. అడుగున ఉన్న గింజ మాడుతుంది, పైనున్నది వేగదు. నిప్పుల మీద గిరగిర తిరిగే డబ్బా కావాలి. నేను తెస్తాగా" అన్నాడు.

అలా మొదలైంది డబ్బా వేట. ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ముందు ఆబిడ్స్. అయ్యర్‌గారి కొట్లో కరెంటుతో తిరిగే పెద్ద యంత్రం ఉంది. దాని బొజ్జలో ఒక బస్తా గింజలు పడతాయి. అన్నయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మీ ఇంట్లో దీన్ని పెడితే మీరు వీధిలో పడుకోవాలి తంబీ" అన్నారు అయ్యర్‌గారు. ఇంట్లో వేయించుకునేవాళ్ళకి ఇనపరేకు డబ్బాయే మేలనీ, రేకు దళసరిగా ఉంటే వేడి అంతటా ఒకేలా పాకుతుందనీ, లోపల రెక్కలుంటేనే గింజ దొర్లుతుందనీ ఆయనే చెప్పారు. కోఠీ దుకాణాల్లో తయారుగా ఉన్న డబ్బాలు చూశాం. అన్నయ్య బొటనవేలితో నొక్కితే సొట్టపడ్డాయి. చివరికి ఉస్మాన్‌గంజ్ సందులో రాజనర్సు అనే రేకులపనివాడి దగ్గర తేలాం. నూనెడబ్బాలూ గరాటాలూ చేసుకునే మనిషి. అన్నయ్య చెప్పిందంతా విని, చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"తిప్పి సూపియ్యిన్రి సారూ, ఎట్ల తిప్పుతరో."

అన్నయ్య గాల్లో పిడి ఉన్నట్టే పట్టుకుని తిప్పాడు.

"ఎడమచెయ్యా మీది?" రాజనర్సు నవ్వాడు. "ఔ మల్ల, అయితే పిడి గీ దిక్కు పెట్టాలె. ముందటికి తలుపు, ఎన్క దిక్కు సెగ రాకుంట రేకు మూస్త. కాని సారూ, గట్ల జేస్తే ఇంట్ల వేరేటోళ్లకు తిప్పరాదు."

"నేనుండగా ఇంకొకరెందుకు తిప్పుతారు? మా అమ్మకి ఇక సెలవు" అన్నాడు అన్నయ్య. డబ్బు అప్పుడే ఇచ్చేశాడు. దారిలో అన్నాడు: "చూడవే విద్యా, కత్తెర దగ్గర్నుంచి అన్నీ కుడిచేతివాళ్ళ కోసమే చేశారు. నా చేతికి సరిపడా చేయించిన వస్తువు ఇదొక్కటే."

మొజంజాహీ మార్కెట్ దాటాక ఒక దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. పక్కనే మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. అన్నయ్య ప్రాణం పెట్టే బజ్జీలు. "ఇక్కణ్ణుంచి పద, ఆ నూనె వాసనకి తిప్పుతోంది" అన్నాడు. నుదుటి మీద చెమట. ఎండ పడలేదు కాబోలు, మజ్జిగ తాగితే పోతుందనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మ కూడా అదే అనుకుని మజ్జిగే ఇచ్చింది.

తర్వాత నాలుగైదు రోజులకి కాబోలు. అన్నయ్య ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. వాసనకే ముఖం చిట్లించి కింద పెట్టబోయాడు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు, కుడి..." అంటూ నాన్నగారు వంగి ఆ చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఆ వేళ్ళు విడదీసి వెలుతురులోకి తిప్పారు. గోళ్ళు చూశారు. అరచెయ్యి చూశారు. తర్వాత కొడుకు గడ్డం పట్టుకుని, కింది రెప్ప లాగి చూశారు.

"ఏమే, ఇలా రా" అన్నారు, చాలా నెమ్మదిగా.

అమ్మ వచ్చి చూసింది. అన్నయ్య చెయ్యి ఇంకా నాన్నగారి చేతిలోనే ఉంది. పసుపునీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి గోళ్ళు.

డాక్టరు ఇంటికొచ్చి పొట్ట నొక్కి చూశాడు. పచ్చకామెర్లు బాగా ముదిరాయన్నాడు. "కాఫీ సహించకపోవడమే దీనికి మొదటి గుర్తమ్మా. ఎన్నాళ్ళయింది ఇలా?" అని అడిగాడు. నాన్నగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. నూనె లేదు, పోపు లేదు, కుంపటి లేదు. ఏది వేగినా ఆ వాసనకి అన్నయ్యకి వాంతులు. లక్ష్మీనర్సమ్మగారు వాళ్ళ పొయ్యి కూడా దూరంగా దొడ్లోకి మార్చుకుంది. నేలఉసిరి పసరు ఎవరో చెబితే పొద్దున్నే వెళ్ళి ఆ ఆకు ఆవిడే కోసుకొచ్చేది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా తమ్మునికి గిట్లనే అయి తగ్గింది" అనేది నాతో. చెరుకురసం, చప్పిడి మెతుకులు, డాక్టరు మందులు. ఒక వారం తేరుకున్నట్టే కనిపించాడు. వసారాలో మంచమ్మీద పడుకుని, "ఇవాళ ఆదివారం కదూ? అట్లకాడ చప్పుడు లేదేం?" అన్నాడు.

"నువ్వు లేచాక, నీ డబ్బాలోనే వేయిద్దాంరా" అంది అమ్మ.

"అప్పుడింక మాడదు" అన్నాడు. నవ్వాడు కూడా.

రోహిణి ఎండలు మండిపోతుండగా మగత కమ్మింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. మళ్ళీ కళ్ళు తెరవలేదు. మృగశిర చినుకు పడకముందే మా అన్నయ్య వెళ్ళిపోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అమ్మ అందరిలా ఏడవలేదు. "మాడిన గింజల నీళ్ళు కాచి నీ కడుపులో పోశాన్రా నాయనా, నేనే చేదు పోశాన్రా" అని ఏడ్చింది. పరామర్శకి వచ్చినవాళ్ళు ఏమీ అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది కాఫీ వల్ల వచ్చే జబ్బు కాదు, డాక్టరు చెప్పాడుగా అమ్మా అంటే, "డాక్టరు తాగాడా నా కాఫీ? తాగినవాళ్ళు ఇద్దరన్నారే. ఒకడు కాదు, ఇద్దరు" అనేది. ఆ రెండో మనిషి వసారా చివర తలవంచుకుని కూర్చుని ఉండేవారు.

మైలరోజులు. ఇంట్లో పోపు పెట్టకూడదు, ఏదీ వేయించకూడదు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రాజనర్సు గోనెపట్టాలో చుట్టిన డబ్బా భుజాన పెట్టుకుని వచ్చాడు.

"గోపాల్‌రావు సారున్నడా? జర పిలువున్రి. మా అన్న బిడ్డ పెండ్లుండె, గందుకే లేటయింది. కోపానికొచ్చిండో ఏమో" అన్నాడు గుమ్మంలో నాన్నగారితో.

ముందువాటాలోంచి లక్ష్మీనర్సమ్మగారే వచ్చింది. "ఆ పిలగాడు లేడయ్యా. పోయిండు. మొన్న బేస్తారం."

"ఏంది?" అంటూ రాజనర్సు డబ్బాతో సహా నేలమీద కూర్చుండిపోయాడు. తర్వాత గోనెపట్టా విప్పి, ఏం చెయ్యాలో తెలియక, పిడిని ఒకసారి తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

"ఎడమచేత్తోని తిప్పుతా అన్నడు సారు. గట్లనే జేసిన." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మీకు ఒద్దనుకుంటె తీస్కపోత, పైసలు వాపసిస్త. లేకుంటె పిడి కుడిదిక్కుకు మార్చిస్త పెద్దసారూ, ఒక్కపూట పని."

"వద్దు" అన్నారు నాన్నగారు. "మార్చకు. అలాగే ఉండనీ."

తలుపు వెనక అమ్మ ఉంది. అంతా విన్నది. పెద్దకర్మ అయిన మర్నాడు మూకుడు తీసుకెళ్ళి దొడ్డిగోడ అవతల పారేసింది. లక్ష్మీనర్సమ్మగారు దాన్ని ఏరుకొచ్చి, మాకు చెప్పకుండా వాళ్ళ అటక మీద దాచింది. డబ్బా మాత్రం గోనెపట్టా కప్పుకుని వసారా మూలన ఉండిపోయింది. దాని వైపు ఎవరూ చూసేవాళ్ళం కాదు. అందరికీ అదే కనిపించేది.

మా ఇంట్లోకి మొదటిసారి కొట్టుపొడి వచ్చింది. నేనే కలిపేదాన్ని. నాన్నగారు మాట్లాడకుండా తాగి ఆఫీసుకి వెళ్ళేవారు. అమ్మ కాఫీ మానేసింది, మెల్లగా అన్నం కూడా మానేస్తోంది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. వంట నాచేత చేయించి, తను పొయ్యి దగ్గరికి వచ్చేది కాదు. "ఈ చేత్తో పెట్టింది ఎవరికి వంటబట్టింది?" అనేది. జాకెట్టు భుజాల మీంచి జారిపోయేంత చిక్కిపోయింది. అన్నయ్య వెనకే అమ్మ కూడా వెళ్ళిపోతుందని నాకు భయం పట్టుకుంది. ఆ మాట పైకి అనలేదు గాని, లక్ష్మీనర్సమ్మగారు ఒకరోజు నాన్నగారిని ఆపి అననే అంది: "అయ్యగారూ, గట్ల మౌనంగ ఉంటె ఎట్ల? ఆమె మనసుల ఏముందో మీరే తియ్యాలె. మేం చెప్తె ఇనదు."

శ్రావణంలో ఒక ఆదివారం. సన్నగా ముసురు పడుతోంది. నేను లేచేసరికి వసారా నిండా పొగ. నాన్నగారు తడిసిన బొగ్గులతో కుస్తీ పడుతూ కుంపటి ఊదుతున్నారు. పక్కన అయ్యర్‌గారి కొట్టు పొట్లం. డబ్బాని గోనెపట్టాలోంచి తీసి కుంపటి మీద నిలిపి, పొట్లం విప్పి గింజలు పోసి, తలుపు వేసి, పీట వేసుకుని కూర్చున్నారు.

కుడిచెయ్యి చాపారు. పిడి అందలేదు. ఒళ్ళంతా వంచి, చెయ్యి డబ్బా మీదుగా పోనిచ్చి పట్టుకుంటే మోచెయ్యి సెగకి కాలింది. అవతలి వైపు వెళ్ళి చూశారు, అటంతా రేకు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కాసేపు ఆ పిడి వైపే చూస్తూ ఉండిపోయి, ఎడమచెయ్యి చాపి పట్టుకున్నారు.

ఆ చేత్తో ఆయన జీవితంలో ఏ పనీ చేసి ఉండరు. డబ్బా ఒకసారి గబుక్కున తిరిగేది, ఒకసారి ఆగిపోయేది. భుజం ఎగిరిపడేది. కళ్ళద్దాల కింద నీళ్ళు కారుతున్నాయి, పొగకో మరి దేనికో. గుమ్మం పట్టుకుని నిలబడి నేను ఏడుస్తున్నాను, ఆయన చూడలేదు. తిప్పుతూనే ఉన్నారు.

గింజలు చిటపటలాడాయి. నాన్నగారికి అదేమిటో తెలియదు. వాసన ఇంట్లోకి పాకింది. లోపల గోడ వైపు తిరిగి పడుకున్న అమ్మ కదిలింది.

"దించండి" అంది లోపల్నుంచి. నాన్నగారికి వినిపించలేదు.

"దించండీ, మాడిపోతున్నాయి!"

లేచి వచ్చేసింది. కొంగుతో పట్టుకుని డబ్బా తలుపు తీసి, గింజలు చాటలో బోర్లించి, విసనకర్ర అందుకుని విసిరింది. చింతగింజ రంగు. ఒక్క గింజ నల్లబడలేదు. తనేం చేస్తోందో తనకి తెలిసినట్టు లేదు, చేతులే చేసుకుపోయాయి. గింజలు చల్లారాక మరలో పోసి తిప్పింది. నేను నీళ్ళు కాచి ఇచ్చాను. ఫిల్టర్లో డికాక్షన్ దిగుతున్నంతసేపూ ముసురు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నాన్నగారు తాగారు. "బాగుంది" అన్నారు.

"నన్ను ఊరుకోబెట్టకండి."

"ఊరుకోబెట్టడం కాదే. వేసవిలోనూ ఇలాగే ఉంది. రోజూ తాగినవాణ్ణి నేను. ఒక్కనాడూ మాడలేదు."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "మరి ఔనన్నారుగా?"

నాన్నగారు గ్లాసు కింద పెట్టారు. "వాడు నన్నడిగాడే. ఇన్నేళ్ళొచ్చాక, మాడింది కదూ నాన్నగారూ అని నన్ను అడిగాడు. కాదనబుద్ధి వెయ్యలేదు." మళ్ళీ అన్నారు: "ఆవేళే కాదని ఉంటే, తప్పు గింజలో లేదని అప్పుడే తెలిసేది. వాడి ఒంట్లో ఉందని తెలిసేది. నీ చేతిది కాదు, నా నోటిది."

అమ్మ అరుస్తుందనుకున్నాను. మీద పడి కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. చాట పక్కనే కూర్చుని గింజల్లో మిగిలిన పొట్టు ఊదుతూ చాలాసేపు ఏడ్చింది. ఈసారి అందరు తల్లుల్లాగే, గోపాలం గోపాలం అని కొడుకు పేరు పెట్టి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక ముఖం తుడుచుకుని, నాన్నగారి ఎడమచెయ్యి పట్టుకుని తన ముందుకి లాక్కుంది. వేళ్ళు విడదీసి చూసింది. ఇనపపిడి రాసుకుని అరచెయ్యంతా ఎర్రగా బొబ్బలెక్కి ఉంది.

"అలవాటు లేని చెయ్యి, కందిపోయింది" అంది. ఆ చేతిని అలాగే పట్టుకుని, "వచ్చే ఆదివారం గుడ్డ చుట్టుకుని తిప్పండి" అంది.